మూడు నెలల శిక్షణ, ముప్పై ఏళ్ల జబ్బు: పనిచోటి రోగాలకు డాక్టర్లను తయారుచేసేదెలా?

చర్మవ్యాధుల నిపుణుడు కావాలంటే ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు చదవాలి. ఎముకల డాక్టరుకూ మూడేళ్లే. మెదడుకు ఆపరేషన్ చేయాలంటే ఆ పైన ఇంకో మూడేళ్లు. బెంజీన్, సీసం, యాసిడ్ ఆవిర్ల మధ్య పనిచేసే కొన్ని వందల మంది ఆరోగ్యానికి జవాబుదారీగా ఉండాల్సిన ఫ్యాక్టరీ డాక్టరు నుంచి మాత్రం మన నిబంధనలు కోరుతున్నది ఎంబీబీఎస్, దాని మీద మూడు నెలల శిక్షణ. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీలో కార్మికులు 200 మంది దాటితే పూర్తికాలం డాక్టరు ఉండి తీరాలని చెప్పేవీ ఆ నిబంధనలే. డాక్టరు అవసరమని ఒప్పుకున్నాం. ఆ డాక్టరుకు ఏం తెలిసి ఉండాలన్న దగ్గరే వెనకడుగు వేశాం.

ఈ వైద్యశాఖను చాలా దేశాల్లో ఆక్యుపేషనల్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ మెడిసిన్ అంటారు. చేసే పని వల్ల, బతికే పరిసరాల వల్ల వచ్చే జబ్బులు దీని పరిధి. మిగతా స్పెషాలిటీల్లో చాలావాటికి శరీరంలో ఒక అవయవమో, మనిషి జీవితంలో ఒక వయసో హద్దుగా ఉంటుంది. దీనికి ఆ హద్దు లేదు. ఊపిరితిత్తి, చెవి, చర్మం, మూత్రపిండం, నరాలు, రక్తం, ఏదైనా రావచ్చు. అవయవాన్ని బట్టి కాక కారణాన్ని బట్టి పుట్టిన వైద్యం ఇది. నేర్పడం కష్టం కావడానికీ, మన మెడికల్ కాలేజీల్లో ఏ విభాగమూ దీన్ని తనది అనుకోకపోవడానికీ అదే మూలం.

ఒక్క జబ్బును తీసుకుంటే ఈ చదువు ఎందుకు కావాలో తేలిపోతుంది.

చీమకుర్తిలోనో కరీంనగర్‌లోనో గ్రానైట్ కోసే షెడ్డులో పదిహేనేళ్లు పనిచేసిన మనిషి దగ్గు, ఆయాసంతో ఆసుపత్రికి వచ్చాడనుకుందాం. బరువు తగ్గాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పైభాగంలో చిన్న చిన్న మచ్చలు. మన దేశంలో ఏ డాక్టరుకైనా మొదట తట్టేది టీబీ. తట్టాలి కూడా, ఎందుకంటే మనకు టీబీ అంత ఎక్కువ. కళ్లె పరీక్షలో క్రిములు కనిపించకపోయినా ఎక్స్‌రే చూసి మందులు మొదలుపెడతారు. ఆరు నెలలు వాడతాడు, పూర్తిగా తగ్గదు. కాస్త ఓపిక రాగానే మళ్లీ అదే షెడ్డుకు, అదే దుమ్ములోకి వెళతాడు. కొన్నాళ్లకు మళ్లీ ఆసుపత్రి, మళ్లీ టీబీ మందులు. అతనికి ఉన్నది సిలికోసిస్ కావచ్చన్న మాట ఎవరి నోటా రాదు. రాతి దుమ్ములోని సిలికా రేణువులు ఊపిరితిత్తుల్లో దిగబడి, చుట్టూ కణజాలం గట్టిపడిపోయే జబ్బది. నయం చేసే మందు లేదు. దుమ్ముకు దూరమైనా కొందరిలో పెరుగుతూనే పోతుంది. పైగా సిలికోసిస్ ఉన్నవారికి టీబీ సోకే ముప్పు మామూలు మనుషులకన్నా చాలా ఎక్కువ. కాబట్టి ఇదా అదా అని తేల్చుకుంటే సరిపోదు, రెండూ ఉన్నాయేమో చూడాలి.

ఈ పొరపాటు తెలివితక్కువ వల్ల జరగదు. ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు ఉంటాయి. చేసే పని చాలాచోట్ల ఉండదు. అడిగినా వచ్చే జవాబు "కూలి పని సార్". శిక్షణ పొందిన డాక్టరు అక్కడ ఆగడు. ఏ కూలి? రాయి కోస్తారా, పాలిష్ పడతారా, క్వారీలో డ్రిల్లింగ్ చేస్తారా? నీళ్లు పోస్తూ కోస్తారా, పొడిగానా? షెడ్డు మూసి ఉంటుందా? దీనికి ముందు ఏం చేసేవారు? దుబాయ్‌లోనో సౌదీలోనో ఏమైనా పనిచేశారా? మీతో పనిచేసినవాళ్లలో ఇంకెవరికైనా ఇలాంటి దగ్గు ఉందా?

రాయి ఏదన్నది కూడా తేల్చుకోవాలి. గ్రానైట్‌లో స్ఫటిక సిలికా సుమారు మూడో వంతు ఉంటుంది. ఇసుకరాయిలో అంతకన్నా చాలా ఎక్కువ. సున్నపురాయి జాతికి చెందిన నాపరాయిలో తక్కువ. వంటింటి గట్లకు ఈ మధ్య వాడుతున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో 90 శాతం పైన ఉండొచ్చు. ఈ కృత్రిమ రాయి కోసే యువకులు కొద్ది ఏళ్లలోనే ఊపిరితిత్తులు పోగొట్టుకోవడం చూసి ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి దాన్ని నిషేధించింది. మాడ్యులర్ కిచెన్ల పేరుతో అదే రాయి మన నగరాల్లోకీ వచ్చింది. దాన్ని కోసే కుర్రవాడు దగ్గుతో వచ్చినప్పుడు, పని మొదలుపెట్టి ఐదేళ్లేగా అని డాక్టరు సిలికోసిస్‌ను పక్కన పెట్టేస్తే తప్పు. మామూలుగా పదేళ్లు దాటాక బయటపడే జబ్బే అయినా, దుమ్ము మోతాదు బాగా ఎక్కువైతే కొన్ని నెలల్లోనూ రావచ్చు.

ఎక్స్‌రే చదవడం కూడా వేరే విద్యే. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) దుమ్ము జబ్బుల ఎక్స్‌రేలకు ఒక వర్గీకరణ పద్ధతిని తయారుచేసింది. ప్రామాణిక ఫిల్ములు పక్కన పెట్టుకుని, రోగి ఫిల్ములో మచ్చల పరిమాణం, ఆకారం, సాంద్రత పోల్చి పన్నెండు మెట్లలో ఎక్కడ నిలుస్తుందో రాయాలి. అమెరికాలో ఇలా చదివే డాక్టర్లకు ప్రభుత్వ సంస్థ నియోష్ 1970ల నుంచి పరీక్ష పెడుతోంది. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లదు, కొన్నేళ్లకోసారి మళ్లీ రాయాలి. ఒకే ఫిల్మును ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చదివితే కార్మికుడి పరిహారం తారుమారవుతుంది మరి. మన దగ్గర రాజస్థాన్ 2019లో దుమ్ము జబ్బుల విధానం తెచ్చి, జబ్బు నిర్ధారణ అయినవారికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు ఇస్తామంది. విధానం మంచిది. ఆ డబ్బు చేతికందాలంటే ముందు ఎక్స్‌రే సరిగ్గా చదివి సంతకం చేసే డాక్టరు జిల్లాలో ఉండాలి.

పరీక్ష ఎప్పుడు చేశారు?

ఈ స్పెషాలిటీలో నేర్చుకోవాల్సినవన్నిటిలో ముఖ్యమైనది కాలం లెక్క అని నా అభిప్రాయం. ఏ పరీక్ష అన్నది పుస్తకంలో దొరుకుతుంది. ఏ రోజు, షిఫ్టుకు ముందా తర్వాతా అన్నది అనుభవమున్న గురువు దగ్గర నేర్చుకోవాల్సిందే.

పత్తి మిల్లుల కార్మికులకు వచ్చే బిసినోసిస్ చూడండి. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ పట్టేస్తుంది. మంగళ, బుధవారాలకు సర్దుకుంటుంది. డాక్టరు గురువారం పరీక్షిస్తే ఏమీ దొరక్కపోవచ్చు. సోమవారం షిఫ్టుకు ముందొకసారి, షిఫ్టు అయ్యాక ఒకసారి శ్వాసను కొలిచే యంత్రంలోకి ఊదిస్తే తేడా కాగితం మీద కనిపిస్తుంది. భీమవరం వైపు రొయ్యల శుద్ధి ప్లాంట్లలో పనిచేసే మహిళకు ఉబ్బసం వస్తే అది పని వల్ల వచ్చిందో కాదో తేల్చే మార్గం కూడా ఇలాంటిదే. చేతిలో ఇమిడే చిన్న పీక్ ఫ్లో మీటరు ఇచ్చి, రోజుకు నాలుగైదు సార్లు ఊది అంకె రాసుకోమంటారు. పనిరోజులూ సెలవురోజులూ కలిసేలా కొన్ని వారాలు రాస్తే, పనిరోజుల్లో గీత పడిపోవడం, సెలవుల్లో లేవడం ఆమెకే కనిపిస్తుంది.

వినికిడి పరీక్షను షిఫ్టు దిగగానే చేస్తే చెవి తాత్కాలికంగా మొద్దుబారి ఉంటుంది. శబ్దానికి కనీసం 14 గంటలు దూరంగా ఉన్నాక చేయాలి. శబ్దం వల్ల పోయిన వినికిడి మొదట 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా కనిపిస్తుంది. మాటలు వినబడటానికి పెద్దగా అవసరంలేని స్థాయి అది. అందుకే తనకేమీ కాలేదనుకుంటాడు కార్మికుడు. నష్టం మాటల దాకా వచ్చేటప్పటికి ఆలస్యమైపోతుంది, లోపలి చెవిలో చచ్చిన వినికిడి కణాలు తిరిగి రావు.

పురుగుమందులు కొట్టే కూలీల రక్తంలో కొలినెస్టరేజ్ అనే ఎంజైమ్ కొలుస్తారు. ఆర్గానోఫాస్ఫేట్ మందులు దీన్ని అణిచివేస్తాయి. చిక్కేమిటంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే దీని స్థాయి మనిషికీ మనిషికీ బాగా మారుతుంది. ఒకరిలో సగానికి పడిపోయినా ల్యాబు రిపోర్టు సాధారణం అని చెప్పొచ్చు. కాబట్టి సీజను మొదలవక ముందే ఒకసారి కొలిచి రాసిపెట్టుకోవాలి. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ పత్తి చేలల్లో మందు కొట్టే కూలీలకు ఇలా ముందుగా కొలిచే ఏర్పాటు ఎక్కడుంది? పడిపోయి ఆసుపత్రికి వచ్చాకే మొదటి పరీక్ష.

సీసం సంగతి ఇంకో రకం. పాత బ్యాటరీలు కరిగించే చోట పనిచేసేవారి రక్తంలో సీసం సగానికి తగ్గడానికి నెల పైన పడుతుంది, ఎముకల్లో చేరినది దశాబ్దాలు ఉంటుంది. బట్టల మీద, జుట్టు మీద ఇంటికొచ్చిన దుమ్ము పిల్లలకు సోకుతుంది. తండ్రికి రక్తపరీక్ష చేసి ఊరుకున్న డాక్టరు సగం పనే చేసినట్టు.

ఒక రోగి కనిపించాడంటే అదే షెడ్డులో, అదే యంత్రం పక్కన ఇంకొందరున్నారని అర్థం. మిగతా వైద్యంలో రోగిని నయం చేసి పంపితే పని పూర్తయినట్టే. ఈ వైద్యంలో ఆ షెడ్డుకు వెళ్లాలి. దుమ్ము ఎక్కడ లేస్తోందో చూడాలి, గాలిలో ఎంతుందో కొలిచే ఇండస్ట్రియల్ హైజీనిస్టుతో కలిసి పనిచేయాలి. ఆ పదార్థాన్నే మానేయగలమా, వేరేది వాడగలమా, నీళ్లు చల్లి లేదా గాలి లాగే యంత్రం పెట్టి ఆపగలమా, పనివేళలు మార్చగలమా అని వరసగా అడగాలి. మాస్కు ఈ వరసలో ఆఖరిది. మన ఫ్యాక్టరీల్లో చాలావాటిలో అదే మొదటిది. మొదటిదాన్నీ ఆఖరిదాన్నీ తారుమారు చేసే యాజమాన్యానికి కాదని చెప్పగలిగేంత ఇంజినీరింగ్ పరిజ్ఞానం డాక్టరుకు ఉండాలి.

గోడ అవతల జనం

పేరులోని రెండో సగం, అంటే పర్యావరణం, ఫ్యాక్టరీ ప్రహరీ దాటి ఊళ్లోకి వచ్చిన విషం గురించి. ఈ చదువు మనకెందుకో మన ఊళ్లే మూడుసార్లు చెప్పాయి.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లేచి 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. స్టైరీన్ శరీరంలో మాండెలిక్ ఆమ్లంగా మారి మూత్రంలో పోతుంది. అంతా ఒకటి రెండు రోజుల్లో జరిగిపోతుంది. ఎవరు ఎంత పీల్చారో తెలుసుకోవాలంటే ఆ రెండు రోజుల్లోనే నమూనాలు తీసి భద్రపరచాలి. ప్రాణాలు కాపాడే హడావిడిలో మామూలు డాక్టరుకు ఇది తట్టదు, తట్టనందుకు తప్పుపట్టలేం. ఆ పని కోసమే చదివిన డాక్టరు అక్కడుండాలి. స్టైరీన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాకు మార్చింది. కాబట్టి ఆ ఊరివాళ్ల పేర్లు, వాళ్లు ట్యాంకుకు ఎంత దూరంలో ఉన్నారు, అప్పటి పరీక్షలు అన్నీ ఒక రిజిస్టరులో ఉండి ఏళ్ల తరబడి చూడాల్సిన విషయం.

అదే ఏడాది డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. వేరే సంస్థల పరీక్షలు పురుగుమందుల అవశేషాల వైపు చూపాయి. ఊరంతా ఒకే ప్రశ్న అడుగుతుంటే జవాబులు మాత్రం తలో దిక్కున వచ్చాయి. సీసం వల్ల మెదడు దెబ్బతింటే గంటల్లో లేచి ఇంటికెళ్లడం అరుదు, ఏలూరులో చాలామంది అలాగే లేచి వెళ్లారు. రక్తంలో ఒక విషం దొరికినంత మాత్రాన ఆ జబ్బుకు అదే కారణమని చెప్పలేం. మోతాదు సరిపోవాలి, లక్షణాలు సరిపోవాలి, కాలం సరిపోవాలి, సోకనివాళ్లతో పోల్చి చూడాలి. ఈ తర్కమే ఈ స్పెషాలిటీకి వెన్నెముక.

మూడోది ఉద్దానం. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో షుగరూ బీపీ లేనివాళ్లకు కిడ్నీలు పాడవుతున్నాయి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో వచ్చాయి. డయాలసిస్ దగ్గర్లో దొరకడం చిన్న విషయమేమీ కాదు. కారణం మాత్రం ఇంకా తేలలేదు. నీళ్లు, ఎండ, పురుగుమందులు, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. మధ్య అమెరికా చెరకు తోటల కూలీలకూ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ పరిశోధకులు కూలీల రక్తాన్ని పనికి ముందూ పని తర్వాతా, కోతల సీజను మొదట్లోనూ చివర్లోనూ పరీక్షించారు. ఎండలో ఒళ్లు వంచి చేసే పనితో కిడ్నీ ఎలా దెబ్బతింటుందో అలా బయటపడింది. నికరాగువాలో నీడ, నీళ్లు, విశ్రాంతి పద్ధతిగా ఇచ్చిన చోట దెబ్బ తగ్గింది కూడా. కిడ్నీ డాక్టరు రక్తంలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో చూస్తాడు. ఈ డాక్టరు ఆ మనిషి పొద్దున ఎన్నింటికి జీడితోటలోకి దిగాడు, ఎన్ని నీళ్లు తాగాడు, ఎప్పుడు నీడకు చేరాడని అడుగుతాడు. ఇద్దరూ ఒకే చోట కూర్చుంటే తప్ప ఉద్దానం చిక్కు వీడదని గట్టిగా నమ్ముతున్నాను. జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్లి ఎండలో నిర్మాణ పనులు చేసి తిరిగొచ్చినవారిని చూసే డాక్టర్లకూ ఇవే ప్రశ్నలు కావాలి.

ఇప్పుడున్న చదువు

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్ ఆసుపత్రులకు జనం పోటెత్తినప్పుడు లీకైన వాయువు ఏమిటో, దానికి విరుగుడేమిటో అక్కడి డాక్టర్లకు సరిగ్గా చెప్పినవారు లేరు. ఆ విషాదం తర్వాతే 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ప్రమాదకర ప్రక్రియల మీద ఒక కొత్త అధ్యాయం చేర్చారు. పనిలో పెట్టుకునే ముందు, ఆ తర్వాత 12 నెలలకు మించకుండా ఆరోగ్య పరీక్షలు చేయాలి, రికార్డులు ఉంచాలి, అర్హత ఉన్నవారినే నియమించాలి అన్నవన్నీ అప్పటివే. ఫ్యాక్టరీ డాక్టరు అర్హతగా ఏఎఫ్‌ఐహెచ్ అనే మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు స్థిరపడింది. ముంబయి సయాన్‌లోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, కేంద్ర కార్మిక శాఖ గుర్తించిన మరికొన్ని చోట్లా నేర్పుతారు. కోర్సును తక్కువ చేసి మాట్లాడను. చట్టం, విషపదార్థాలు, గాలి కొలతలు, ఫ్యాక్టరీ సందర్శనలు అందులో ఉంటాయి, బోధించేవారిలో అనుభవజ్ఞులున్నారు. మూడు నెలల్లో పట్టేది మాత్రం పరిచయమే. ఆ పరిచయాన్నే స్పెషాలిటీ అనుకోవడం దగ్గర దెబ్బతింటున్నాం.

దానికి ముందు ఎంబీబీఎస్‌లో పడే పునాది కూడా బలమైనది కాదు. 2019 నుంచి అమలైన పాఠ్యప్రణాళికలో వృత్తి ఆరోగ్యం కమ్యూనిటీ మెడిసిన్‌లో ఒక చిన్న భాగం, మొత్తం ఐదు అంశాలు. వ్యవసాయ కూలీల జబ్బులు, ఈఎస్ఐ పథకం, శరీరానికి తగిన పనితీరు, డాక్టర్లకే వచ్చే వృత్తి జబ్బులు అందులోనే సర్దేశారు. విద్యార్థి వాటిని క్లాసురూములో చదువుతాడు. ఛాతీ వార్డులో రోగిని చూసేటప్పుడు ఆ పాఠం గుర్తుచేసేవారుండరు. పీజీ స్థాయిలో డిప్లొమా ఇన్ ఇండస్ట్రియల్ హెల్త్ లాంటి చదువులు లేకపోలేదు, అవి బహు కొద్ది. అహ్మదాబాద్‌లో 1966లో మొదలైన సంస్థ, ఇప్పటి జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ, ఎన్నో పరిశోధనలు చేసింది. రోగులను చూస్తూ ఏళ్ల తరబడి నేర్చుకునే రెసిడెన్సీ సీట్లు దేశానికి సరిపడా తయారుచేయడం ఒక్క సంస్థ వల్ల అయ్యే పని కాదు.

వేరేచోట్ల ఏం జరుగుతోందో చూస్తే తేడా తెలుస్తుంది. జర్మనీలో ఈ నిపుణుడు కావడానికి ఐదేళ్లు. అందులో కొంతకాలం జనరల్ మెడిసిన్ లాంటి విభాగాల్లో రోగులను చూడాలి, మిగతాది పనిచోటి వైద్యంలో గడపాలి, పైగా 360 గంటల పాఠాలు. అమెరికాలో ఒక ఏడాది ఆసుపత్రి శిక్షణ, ఆ తర్వాత రెండేళ్ల రెసిడెన్సీ, దానితోపాటు ప్రజారోగ్యంలో మాస్టర్స్. ఇటలీలో లుయిజీ దెవోతో అనే వైద్యుడు 1910లోనే మిలాన్‌లో పనిజబ్బులకు విడిగా ఒక ఆసుపత్రి తెరిచాడు. చదువులు వేరైనా వీటన్నిటిలో ఉన్నది ఒక్కటే: డాక్టరు వార్డులోనూ, ఫ్యాక్టరీలోనూ, లెక్కల దగ్గరా తగినంత కాలం గడపాలి. మూడింటిలో ఏది తగ్గినా లోటే. వార్డు తెలియకపోతే జబ్బు పట్టలేడు, ఫ్యాక్టరీ తెలియకపోతే కారణం పట్టలేడు, లెక్కలు రాకపోతే రుజువు చేయలేడు.

ఎవరి డాక్టరు?

శిక్షణ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది దాటేసే విషయం ఒకటుంది. ఫ్యాక్టరీ డాక్టరుకు జీతమిచ్చేది యాజమాన్యం. అతను కనిపెట్టే జబ్బు యాజమాన్యానికి ఖర్చు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో 29 జబ్బులుండేవి. వాటిలో ఏదైనా అనుమానం వస్తే కార్మికుణ్ణి చూసిన ఏ డాక్టరైనా, కంపెనీ డాక్టరే కానక్కరలేదు, ఫ్యాక్టరీల శాఖకు రాతపూర్వకంగా తెలపాలని 89వ సెక్షన్ చెప్పింది. తెలపకపోతే జరిమానా వెయ్యి రూపాయల దాకా ఉండేది. బయట ప్రాక్టీసు చేసే డాక్టర్లలో ఎంతమందికి ఈ బాధ్యత తమ మీద ఉందని తెలుసు?

కార్మికుడి వైపు నుంచీ చిక్కుంది. జబ్బు బయటపడితే పని పోతుందన్న భయంతో కాంట్రాక్టు కూలీ దగ్గును దాస్తాడు. సింగరేణిలో పరిస్థితి వేరు. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని తేలిస్తే వారసుడికి కొలువు వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి అక్కడ డాక్టరు సంతకం ఒక కుటుంబం భవిష్యత్తును తేలుస్తుంది. రెండు చోట్లా డాక్టరు మీద ఒత్తిడి ఉంటుంది, దిక్కు మాత్రమే వేరు. అందుకే ఈ శిక్షణలో నైతికత ఒక లెక్చరుతో ముగిసేది కాదు. అంతర్జాతీయ వృత్తి ఆరోగ్య సంఘం 1992లో ప్రచురించిన నియమావళి ప్రకారం యాజమాన్యానికి చెప్పాల్సింది ఈ మనిషి ఈ పనికి తగునా, ఏయే జాగ్రత్తలతో తగునా అన్నదే. జబ్బు వివరాలు రోగివి. ఫ్రాన్స్‌లో పనిచోటి డాక్టరును తీసేయాలంటే యజమాని కార్మిక తనిఖీ అధికారి అనుమతి తెచ్చుకోవాలి. ఇలాంటి రక్షణ లేకుండా ఎంత గొప్ప చదువు చెప్పినా, ఆ చదివినది నోరు తెరిచి చెప్పలేని డాక్టరే తయారవుతాడు.

ఎక్కడ మొదలుపెట్టొచ్చు?

కొత్తగా భవనాలు కట్టనక్కరలేదు. హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఈఎస్ఐ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడికి వచ్చే రోగుల్లో అత్యధికులు కార్మికులు, వారి కుటుంబాలే. పనిచోటి వైద్యంలో ఎండీ నేర్పడానికి ఇంతకన్నా తగిన వార్డులు ఏ కాలేజీకి ఉంటాయి? చుట్టుపక్కలే జీడిమెట్ల, పటాన్‌చెరు, పాశమైలారం. ఈఎస్ఐకి దేశంలో వృత్తి వ్యాధుల కేంద్రాలు కొన్ని ఉన్నాయి, దక్షిణాదికి చెన్నై కె.కె. నగర్‌లో ఉంది. ఆ అనుభవాన్ని ఇక్కడి పీజీ విద్యార్థులకు కలపొచ్చు. సింగరేణి నిధులతో రామగుండంలో వచ్చిన మెడికల్ కాలేజీకి గని కార్మికుల ఎక్స్‌రేలు చదవడం నేర్పే కేంద్రంగా ఎదిగే అవకాశం ఎవరికీ లేనంతగా ఉంది. గనుల నిబంధనల ప్రకారం కార్మికులకు ఐదేళ్లకోసారి చేసిన పరీక్షల ఫైళ్లు ఒక తరం మొత్తానివి అక్కడే ఉన్నాయి. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీకి ఒకవైపు పరవాడ, అచ్యుతాపురం, మరోవైపు ఉద్దానం.

అసలు అడ్డు ఉద్యోగాల దగ్గరుంది. మూడేళ్లు చదివిన ఎండీకీ మూడు నెలల సర్టిఫికెట్‌కూ నిబంధనల్లో ఒకే విలువ ఉన్నంతకాలం కంపెనీలు చవకైన దారే ఎంచుకుంటాయి, విద్యార్థులు ఆ సీటు వైపు చూడరు. ఫ్యాక్టరీల శాఖలో కార్మికుల ఆరోగ్యాన్ని పరీక్షించి ధ్రువీకరించే సర్టిఫైయింగ్ సర్జన్ పోస్టులకు, జిల్లా ఆసుపత్రుల్లో పనిజబ్బుల ఓపీకి, ఈఎస్ఐ మెడికల్ బోర్డులకు ఈ అర్హతను తప్పనిసరి చేస్తే చదువుకు గిరాకీ దానంతటదే వస్తుంది. ఇప్పుడున్న ఏఎఫ్‌ఐహెచ్ డాక్టర్లను వదిలేయమనడం లేదు. వాళ్లను నిపుణుల పర్యవేక్షణలో ఉంచి, ఎక్స్‌రే, వినికిడి, శ్వాస పరీక్షల్లో ఏటా కొంత శిక్షణ ఇస్తే తక్షణం కనిపించే మేలు అక్కడే ఉంటుంది.

ఇంత చేసినా ఫ్యాక్టరీ గేటు బయట ఉన్నవారు మిగిలిపోతారు. మన కార్మికుల్లో అత్యధికులు వాళ్లే. ఇంట్లో బీడీలు చుట్టే నిజామాబాద్ మహిళలు, గుంటూరులో మిర్చి తొడిమలు తీసే కూలీలు, మ్యాన్‌హోల్‌లోకి దిగే పారిశుధ్య కార్మికులు, మార్కాపురంలో పలకలు కోసేవారు. వాళ్లకు కంపెనీ డాక్టరుండడు, వాళ్లు వెళ్లేది ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. అక్కడి డాక్టరును నిపుణుణ్ణి చేయలేం. ఏం పని చేస్తారని ప్రతి రోగినీ అడగడం, తన మండలంలో ఏ పనులకు ఏ జబ్బులొస్తాయో తెలుసుకోవడం, అనుమానం వస్తే ఎవరికి పంపాలో తెలిసి ఉండటం, ఈ మూడూ నేర్పొచ్చు. పంపడానికి జిల్లాకొక నిపుణుడు ఉన్నప్పుడే మూడోది సాధ్యం.

ఈ లెక్క ఇప్పుడు తేల్చుకోవాల్సిన అవసరం వచ్చిపడింది. వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అని కేంద్రం ప్రకటించింది. లక్షల ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, వినికిడి పరీక్షలు జరగబోతున్నాయి. ప్యాకేజీ పేరుతో షుగరు, కొలెస్ట్రాల్ చూసి ఫిట్ అని ముద్ర వేసి పంపేయొచ్చు. లేదా గ్రానైట్ షెడ్డు మనిషికి ఐఎల్ఓ పద్ధతిలో చదివిన ఎక్స్‌రే, ద్రావకాల మధ్య పనిచేసే మనిషికి షిఫ్టు చివర తీసిన మూత్ర పరీక్ష చేయొచ్చు. ఆస్బెస్టాస్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే కార్మికుల ఆరోగ్య రికార్డులు ఉద్యోగంలో చేరిననాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకు ఉంచాలంది. కొత్త పరీక్షల ఫారాలు ఇంకా రాష్ట్రాల చేతుల్లోనే రూపుదిద్దుకోవాలి. వాటిలో కార్మికుడు ఇప్పటిదాకా చేసిన పనులన్నీ ఏళ్లతో సహా రాసే ఒక పేజీ, ఆ పేజీ చదివి సంతకం చేసే డాక్టరు అర్హత ఏమిటో చెప్పే ఒక వాక్యం ఉండాలని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖలను అడగడానికి ఇదే సమయం.